లైన్ క్లియర్ దొరకని ఆట

1957లో అమెరికాలోని టొలీడో ఊళ్లో, ఇన్వర్‌నెస్ క్లబ్‌లో యు.ఎస్. ఓపెన్ గోల్ఫ్ ప్లేఆఫ్ జరిగింది. డిక్ మేయర్ అనే ఆటగాడు ఆ రోజు తన వెంట మడత స్టూలొకటి తెచ్చుకున్నాడు. ఎదురాడేది కేరీ మిడిల్‌కాఫ్. అంతకుముందు ఏడాది అదే టైటిల్ గెలిచినవాడు, చదువుకు పళ్ల డాక్టరు, బంతి ముందు నిలబడితే ఓ పట్టాన కొట్టడని పేరు మోసినవాడు. ఆయన టోపీ సర్దుకుని, కాళ్లు సర్దుకుని, దూరంగా ఉన్న జెండా వైపు చూసి, మళ్లీ బంతి వైపు చూసేలోగా మేయర్ స్టూలు వేసుకుని హాయిగా కూర్చునేవాడు. 18 హోల్స్ అయ్యేసరికి మేయర్‌కు 72 స్ట్రోకులు, మిడిల్‌కాఫ్‌కు 79. మేయర్‌ను గెలిపించింది ఆ స్టూలేనని నేననను గానీ, కాస్త సాయపడే ఉంటుంది.

నేను గోల్ఫ్ ఆడను. నా ఉద్యోగమంతా రైల్వేలో, అందులో ఎక్కువ భాగం సికింద్రాబాద్ డివిజన్ కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్‌గా గడిచింది. కాజీపేట–బల్లార్షా సెక్షన్ చార్టు మీద బండ్ల గీతలు గీస్తూనే రిటైరయ్యాను. ఇప్పుడు ఏటా కొన్ని నెలలు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కూతురింట్లో ఉంటున్నాను. మన తెలుగువాళ్లు ఆ ఊరిని ఎప్పుడో సొంతం చేసుకున్నారు. గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయం 2022లో వచ్చి మాకు పొరుగైంది. అల్లుడిగారికి ఈ ఆట పిచ్చి. ఆయన పక్కన టీవీ ముందు కూర్చుంటే నా కళ్లు కొట్టేవాడి మీద నిలవవు. వెనక టీ దగ్గర, అంటే హోల్ ఆట మొదలుపెట్టే చోట, చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ల మీదికే పోతాయి. హోమ్ సిగ్నల్ బయట ఆపేసిన బండిని చూసినట్టే ఉంటుంది నాకు.

గోల్ఫ్‌లో మొదట్లో ఈ ఎదురుచూపుల బాధ లేదు. 1860 అక్టోబర్ 17న స్కాట్లండ్‌లోని ప్రెస్ట్విక్‌లో మొదటి బ్రిటిష్ ఓపెన్ జరిగినప్పుడు ఆడింది 8 మందే. 12 హోల్స్ కోర్సును మూడుసార్లు చుట్టారు. 36 హోల్స్ ఒక్క రోజులో అయిపోయాయి, విల్లీ పార్క్ 174తో గెలిచాడు. సెక్షన్లో బండ్లు లేనప్పుడు అందరూ రైట్ టైమే.

చివరి రోజు 36 హోల్స్ ఆడే అలవాటు ఆ తర్వాత వందేళ్లకు పైగా నడిచింది. 1964లో కాంగ్రెషనల్ క్లబ్‌లో కెన్ వెంటూరి ఎండదెబ్బకు సొమ్మసిల్లే స్థితిలో, వెంట డాక్టరు నడుస్తుండగా, ఆ 36 పూర్తిచేసి యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. మరుసటి ఏడాది నుంచి రోజుకొక రౌండ్ చొప్పున నాలుగు రోజులు చేశారు. బ్రిటిష్ ఓపెన్ 1966లో అదే దారి పట్టింది. అది మంచి పనే. కాకపోతే మధ్యాహ్నం ఇంకో రౌండ్ ఉందన్న తొందర మాత్రం దానితో పోయింది.

తొందర పోయిన చోటికి కొత్త పనులు వచ్చి చేరాయి. 1960కి ముందు గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నని పచ్చిక) మీద బంతిని ఎత్తి తుడుచుకునే వీలు లేదు. ఆ ఏడాది నిబంధన మార్చారు. ఎత్తవచ్చన్నాక, మళ్లీ పెట్టేటప్పుడు ఓ పద్ధతిగా పెట్టాలనిపిస్తుంది కదా. ఇప్పుడు బంతి మీద గీత గీసుకుని, ఆ గీతను హోల్ వైపుకు తిప్పి, వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చుని సరిచూసి, నచ్చకపోతే మళ్లీ వచ్చి తిప్పుతారు. గ్రీన్లు కూడా నున్నబడ్డాయి. 1935 యు.ఎస్. ఓపెన్‌లో ఓక్‌మాంట్ గ్రీన్ల వేగం చూసి ఎడ్వర్డ్ స్టింప్సన్ ఒక చిన్న కొలత సాధనం తయారుచేశాడు. దాన్ని అధికారికంగా వాడుకలోకి తెచ్చింది 1970లలో. అప్పుడు అమెరికా అంతా కొలిస్తే దాని మీంచి జారిన బంతి సగటున ఆరున్నర అడుగులు పోయింది. ఇప్పుడు పెద్ద పోటీల్లో 12 అడుగులు దాటి పోతోంది. అంత జారుడు మీద నాలుగు అడుగుల పట్‌కు కూడా భయమే. భయపడ్డవాడు మూడు వైపుల నుంచి చూస్తాడు. అందులో ఆటగాడి తప్పు నాకు కనిపించదు.

జాక్ నిక్లాస్ మాత్రం తప్పు చేశాడు, శిక్షా అనుభవించాడు. 1962లో ఆయనకు 22 ఏళ్లు. ఆ వేసవిలోనే ఆర్నాల్డ్ పామర్‌ను ప్లేఆఫ్‌లో ఓడించి యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. కొన్ని నెలలకు పోర్ట్‌లాండ్ ఓపెన్ రెండో రౌండ్లో, నిదానంగా ఆడుతున్నందుకు అధికారి జో బ్లాక్ ఆయనకు రెండు స్ట్రోకులు జరిమానా వేశాడు. దేశపు ఛాంపియన్‌కు! ఆ రెండు స్ట్రోకులు పోగొట్టుకుని కూడా నిక్లాస్ ఒక్క స్ట్రోకుతో పోటీ గెలిచాడు. జో బ్లాక్ ఎవరో నేటి కుర్రాళ్లకు తెలియదు. నాకు మాత్రం ఈ చరిత్రలో అందరికంటే నచ్చిన మనిషి ఆయనే. పెద్ద బండి అని చూడలేదు, సిగ్నల్ దాటింది కాబట్టి రాశాడు.

ఇక నా పనికి సంబంధించిన సంగతి. 156 మంది ఆడే పోటీ తీసుకోండి. ముగ్గురేసి చొప్పున 52 గ్రూపులు. సగం పొద్దున, సగం మధ్యాహ్నం. పొద్దున బ్యాచ్‌లో కొందరు ఒకటో టీ నుంచి, కొందరు పదో టీ నుంచి బయల్దేరతారు. అంటే ఒక్కో టీ నుంచి 13 గ్రూపులు. గ్రూపుకూ గ్రూపుకూ 11 నిమిషాల ఎడం పెడితే పదమూడో గ్రూపు బయల్దేరేది మొదటిది వెళ్లిన 132 నిమిషాలకు. మొదటి గ్రూపు తొమ్మిది హోల్స్ ముగించి అవతలి టీకి చేరేది దాదాపు అదే సమయానికి. టైంటేబుల్లో మిగులే లేదు. పొద్దున ఒకడు పొదలో బంతి వెతుక్కుంటే ఆ జాప్యం రోజంతా వెనకాలవాళ్ల మీద పడుతూనే ఉంటుంది. మా సెక్షన్లో రామగుండం దగ్గర బొగ్గు రేక్ ఒకటి ఇంజను మొరాయించి నిలబడితే వెనక ఎక్స్‌ప్రెస్‌లన్నీ వరసగా బంచ్ అయ్యేవి. అప్పుడు ఎక్స్‌ప్రెస్ డ్రైవర్‌ను తిట్టి ఏం లాభం? మాకు లూప్ లైన్లున్నాయి, గూడ్సును పక్కకు తోసి వెనకదాన్ని వదలొచ్చు. గోల్ఫ్ టోర్నమెంట్లో ఆ వీలూ లేదు.

2005లో రోరీ సబాటిని ఆ లూప్ లైన్‌ను సొంతంగా వేసుకున్నాడు. బూజ్ ఆలెన్ క్లాసిక్‌లో జోడీగా ఆడుతున్న బెన్ క్రేన్ నిదానానికి విసిగి, 17వ హోల్లో తన వంతు కాకపోయినా కొట్టేసి, హోల్ ముగించి, క్రేన్‌ను అక్కడే వదిలి 18వ టీకి నడిచిపోయాడు. అందరూ సబాటినిని మర్యాద లేనివాడన్నారు. జోడీ ఆటగాడిని అలా వదిలిపోవడం మర్యాద కాదు, నిజమే. కానీ ఆ కాసేపటికి కోర్సు మీద లైన్ క్లియర్ ఉన్నది అతనికొక్కడికే.

అన్నిటికంటే నాకు వింతగా తోచేది పీజీఏ టూర్ చాలా కాలం నడిపిన పద్ధతి. గ్రూపు తన చోటు కంటే వెనకబడితేనే గడియారం పెట్టేవారు. ముందున్న గ్రూపూ అంతే ఆలస్యంగా నడుస్తుంటే ఎవరూ వెనకబడినట్టు కాదు. అందరూ కలిసి అయిదు గంటలు ఆడితే చార్టులో అందరూ రైట్ టైమే! గడియారం పెట్టినా మొదటిసారి హెచ్చరికే. 1995 హోండా క్లాసిక్‌లో గ్లెన్ డేకు ఒక స్ట్రోకు వేశాక, ఆ టూర్‌లో మళ్లీ స్ట్రోకు పడింది 2017లో, న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన జోడీల పోటీలో. మధ్యలో 22 ఏళ్లు. ఆ 22 ఏళ్లలో అందరూ చురుగ్గా ఆడారని నమ్మమంటారా?

శిక్ష పడినచోట ఎవరి మీద పడిందో చూస్తే మనసు ఇంకా చివుక్కుమంటుంది. 2013 మాస్టర్స్‌లో చైనా కుర్రాడు గ్వాన్ టియాన్లాంగ్‌కు 14 ఏళ్లు. రెండో రౌండ్ 17వ హోల్లో అతనికి ఒక స్ట్రోకు వేశారు. పిల్లవాడు మారు మాట్లాడలేదు, స్కోరు రాసుకుని, అంచు మీద కట్ దాటి చివరి రెండు రౌండ్లకు చేరాడు. నిబంధన ప్రకారం సరైనదే. 2018 జనవరిలో టోరీ పైన్స్‌లో జె.బి. హోమ్స్ మాత్రం చివరి హోల్లో రెండో షాట్ కొట్టడానికి 4 నిమిషాల 10 సెకన్లు తీసుకుని, అంతా ఆలోచించి గ్రీన్‌కు కొట్టకుండా ముందుకు జరిపాడు. అదే గ్రూపులో గెలుపు కోసం ఆడుతున్న అలెక్స్ నోరెన్ నిలబడి చూశాడు. హోమ్స్‌కు స్ట్రోకేమీ పడలేదు. నోరెన్ ఆడిన ప్లేఆఫ్ చీకటి పడి సోమవారానికి పోయింది, అక్కడ అతను జేసన్ డే చేతిలో ఓడాడు.

అదే ఏడాది జూన్‌లో యూరోపియన్ టూర్‌వాళ్లు ఆస్ట్రియాలో ధైర్యం చేశారు. ప్రతి షాట్‌కూ 40 సెకన్లు, గ్రూపులో మొదట కొట్టేవాడికి 50, దాటితే స్ట్రోకు. ప్రతి గ్రూపు వెంటా గడియారమున్న బండి. ఫిన్లండ్ ఆటగాడు మిక్కో కోర్హోనెన్ ఆరు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఎవరి స్వింగూ చెడిపోలేదు. అయినా ఆ పద్ధతి వారవారం ఆడే పోటీలకు పాకలేదు. 2019 నిబంధనల్లో 40 సెకన్లు సలహాగా చేరింది. పోయిన బంతిని వెతికే గడువు 5 నిమిషాల నుంచి 3కు తగ్గింది. 2025లో మహిళల ఎల్పీజీఏ కాస్త గట్టిగా కదిలింది. గడువు మీద 5 సెకన్ల దాకా డబ్బు జరిమానా, 6 నుంచి 15 దాకా ఒక స్ట్రోకు, ఆపైన రెండు.

పీజీఏ టూర్ మాత్రం చివరికి టైంటేబుల్ మీదే చెయ్యి పెట్టింది. 2026 నుంచి ఎక్కువమంది ఆడే పోటీల్లో గరిష్ఠంగా 156 బదులు 144 మందే. ఒక్కో టీ నుంచి 12 గ్రూపులు. పొద్దునకొకటి, మధ్యాహ్నానికొకటి బండి తగ్గింది. పన్నెండు మంది ఆటగాళ్లకు అవకాశం పోయిందని గొడవ జరిగింది, అందులో న్యాయం లేకపోలేదు. కానీ కంట్రోల్ ఆఫీసులో కూర్చున్నవాడినెవరినడిగినా ముందు చెప్పేది బండ్లు తగ్గించమనే.

కెవిన్ నా అనే ఆటగాడి సంగతి చెప్పకపోతే అల్లుడిగారు ఊరుకోరు. 2012 ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో మూడు రౌండ్ల తర్వాత ముందున్నవాడు ఇతనే. బంతి ముందు నిలబడి క్లబ్ ఊపడం, ఆపడం, వెనక్కి తగ్గడం చూసి జనం గేలి చేశారు. చివరి రౌండ్లో 76 కొట్టి వెనకబడ్డాడు. 2016 టూర్ ఛాంపియన్‌షిప్‌లో ఒక ఆటగాడు తప్పుకోవడంతో లెక్క బేసి అయింది. ఆఖరి రోజు కెవిన్ నా ఒక్కడే ముందుగా బయల్దేరాడు. ముందు ఎవరూ లేరు, పక్కన ఎవరూ లేరు. షాట్‌కూ షాట్‌కూ మధ్య పరుగెత్తి రెండు గంటల లోపే రౌండ్ ముగించాడు. స్కోరు 70, సరిగ్గా పార్.