ఒక్క మనిషి కోసం రాసిన సెక్షను

ఈ ప్రత్యేక సంచికకు విద్యారంగ చరిత్ర మీద ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. కాలేజీల శంకుస్థాపనలు, పేరు పొందిన పూర్వ విద్యార్థుల సంగతులు ఇతర మిత్రులు రాస్తారు. నేను నిజాంసాగర్ కాలువల దఫ్తరులో గుమస్తాగా చేరి ముప్పై ఆరేళ్ళు నోట్ ఫైళ్ళు రాసినవాణ్ణి. అందుచేత ఒక చట్టంలోని ఒక సెక్షను గురించి రాస్తాను. ఉస్మానియా విశ్వవిద్యాలయ చట్టం, సెక్షను 13-ఎ.

మనకు దానితో ఏమి సంబంధం అంటారేమో! 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడి డిచ్‌పల్లికి చేరే ముందు, నిజామాబాదులోగాని బోధన్‌లోగాని డిగ్రీ చదివిన మన తరం వారందరి పట్టాల మీద ఉన్నది ఉస్మానియా ముద్రే.

నిజాం ప్రభువు 1917లో ఫర్మానా ఇవ్వగా 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయం అది. బోధన ఉర్దూలో. హుకుం పైనుంచి రావడం, కింద అమలు కావడం ఆనాటి పద్ధతి. 1938లో వందేమాతరం పాడిన విద్యార్థులను వెళ్ళగొడితే వారిలో చాలామంది నాగపూరు పోయి చదువుకున్నారు. పి.వి. నరసింహారావు గారు వారిలో ఒకరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం వైస్ ఛాన్సలర్ పదవీకాలం 5 సంవత్సరాలు. ఆయనను తొలగించాలంటే దుష్ప్రవర్తన లేదా అసమర్థత రుజువు కావాలి. విచారణ జరిపేవారు హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్నవారో, పనిచేసినవారో అయి ఉండాలి. చెప్పుకోవడానికి ఆయనకు అవకాశం ఇవ్వాలి.

మన భాషలో చెప్పాలంటే ఛార్జి మెమో, సంజాయిషీ, ఎన్‌క్వైరీ అన్నమాట. మనకు రాజ్యాంగం 311వ అధికరణం ఎటువంటిదో విశ్వవిద్యాలయాధిపతికి ఈ నిబంధన అటువంటిది.

1957 నుండి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న డాక్టర్ డి.ఎస్. రెడ్డి గారిని 1964లో మరో 5 సంవత్సరాలకు నియమించారు. అంటే 1969 వరకు. మరుసటి ఏడే పేచీ మొదలైంది. కాసు బ్రహ్మానందరెడ్డి గారి ప్రభుత్వం చట్టాన్ని సవరించదలచింది. ముఖ్యమైన విద్యా విధానాలపై, అంటే బోధనా భాష, పి.జి. సెంటర్ల స్థాపన వంటి వాటిపై, విశ్వవిద్యాలయంతో సంప్రదించి ప్రభుత్వం ఆదేశాలు ఇవ్వవచ్చునన్నది అందులో ఒకటి. ఇది స్వయంప్రతిపత్తికి దెబ్బ అని రెడ్డి గారు బహిరంగంగానే అన్నారు. విద్యార్థులు ఆయన పక్షాన వీధుల్లోకి వచ్చారు. 1966లో సవరణ చట్టం అయింది, వైస్ ఛాన్సలర్ పదవీకాలం 3 సంవత్సరాలకు తగ్గింది.

అంతటితో ఊరుకోలేదు. అదే సంవత్సరం రెండవ సవరణ తెచ్చి 13-ఎ చేర్చారు. సవరణ అమలుకు ముందు ఆ పదవిలో ఉన్న వ్యక్తి, కొత్తవారు వచ్చేదాకా మాత్రమే కొనసాగాలి. 90 రోజుల్లోగా కొత్త నియామకం జరగాలి. ఇదీ దాని సారాంశం. పేరు రాయలేదు గాని పేరు రాసినట్టే! ఆ వర్ణనకు సరిపోయే మనిషి రాష్ట్రంలో ఒక్కరే ఉన్నారు. మన దఫ్తరుల్లో గిట్టని మనిషిని సాగనంపడానికి పోస్టునే రద్దు చేయించడం చూశాం కదా, అది ఫైలు మీద జరిగేది. ఇక్కడ శాసనసభే ఆ పని చేసింది.

రెడ్డి గారు హైకోర్టుకు వెళ్ళారు, పిటిషను కొట్టివేశారు. సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1967లో తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది. తరువాత వచ్చే వైస్ ఛాన్సలర్లకు విచారణ రక్షణ ఉంచి, ఈ ఒక్కరికి తీసివేయడానికి సబబైన కారణం ఏదీ కనబడలేదని, కనుక 13-ఎ రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని కొట్టివేశారు.

ఆ సంవత్సరమే నేను గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలలో బి.ఎ.లో చేరాను. స్టాఫ్ రూము వరండాలో మా లెక్చరర్ల వాదోపవాదాలు చెవిన పడుతుండేవి. ఏ భాషలో పాఠం చెప్పాలో మంత్రిగారి పేషీలో నిర్ణయమైతే ఇక ప్రొఫెసర్ల సభలెందుకని ఒకరు. బోధన్ వైపు నుండి వచ్చిన మరొక లెక్చరరు గారికి ఈ వాదం నచ్చేది కాదు. ఎం.ఎ. చదవాలంటే మన పిల్లలు హైదరాబాదు పోవలసిందే, ఖర్చు భరించలేనివారు శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీలో ఏదో ఒక పనికి కుదురుకుంటున్నారు, జిల్లాలకు సెంటర్లు ఇవ్వమని సర్కారు గట్టిగా చెబితే తప్పేమిటని ఆయన ప్రశ్న. చెరకు రైతు కట్టే పన్ను మీద నడిచే సంస్థ రైతు బిడ్డకు జవాబు చెప్పవద్దా అనేవారు. భిక్నూరు పి.జి. సెంటరు తరువాతి కాలంలో వచ్చింది, ఇప్పుడది తెలంగాణ విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్. ఆ సెంటరు వచ్చినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఆయనే.

ఇంకొక సంగతి. వారిద్దరూ ప్రభుత్వోద్యోగులే. ఉస్మానియా ప్రొఫెసరు విశ్వవిద్యాలయం నౌకరు గనుక కొంత నోరు విప్పగలిగేవాడు. అనుబంధ ప్రభుత్వ కాలేజీ లెక్చరరు మాత్రం నావంటి గుమస్తాతో సమానంగా ప్రవర్తనా నియమావళికి కట్టుబడినవాడు. అందుకే వారి మాట వరండా దాటలేదు, పత్రికల్లో కనిపించలేదు.

నా అభిప్రాయం అడిగితే, ఆ బోధన్ లెక్చరరు గారి వాదంలో బలం ఉంది. ఆదేశం ఇవ్వడం వేరు, విచారణ లేకుండా మనిషిని పంపడం వేరు. కోర్టు రద్దు చేసింది రెండవదాన్నే.

1969 ఉద్యమంలో చదువులు ఆగి మాకు ఏడాది పోయింది. ఆ ఏడాదే రెడ్డి గారి పదవీకాలం ముగిసి రావాడ సత్యనారాయణ గారు వచ్చారు. 1991లో పలు విశ్వవిద్యాలయాలకు కలిపి ఒకే చట్టం వచ్చాక, ప్రభుత్వం నామినేట్ చేసే సభ్యులతో పాలకమండలి ఏర్పడే పద్ధతి స్థిరపడింది. ఎన్నికై సెనేటులోకి వెళ్ళి వాదించే అధ్యాపకుల కాలం వెళ్ళిపోయింది.

మన డిచ్‌పల్లిలో 2023లో కథ తిరగబడింది. రిజిస్ట్రార్ ఎవరన్న విషయంలో వైస్ ఛాన్సలర్‌కు, పాలకమండలికి పొత్తు కుదరక ఒకే కుర్చీకి ఇద్దరు హక్కుదారులు తేలారు. ఆ జూన్‌లో లంచం ఆరోపణపై వైస్ ఛాన్సలర్‌ను అవినీతి నిరోధక శాఖ అరెస్టు చేసింది. ఆ రోజుల్లో పత్రిక చదువుతుంటే నాకు తట్టినది పాత గుమస్తా సందేహమే: జీతాల బిల్లు మీద ఎవరి సంతకం చెల్లుతుంది?

సుప్రీంకోర్టు తీర్పు చదవగోరువారు ఎ.ఐ.ఆర్. 1967, సుప్రీంకోర్టు భాగం, 1305వ పేజీ చూడవచ్చును. ఇంట్లో వకీలు పిల్లలుంటే వారే తెచ్చి పెడతారు. ఇంగ్లీషు కొంచెం కఠినమే గాని, మెమోలు చదివిన మనకు కష్టం కాదు.