నాటుసారాలో విషరసాయనాల పరీక్ష

నాటుసారాలో కలిసిన ప్రాణాంతక రసాయనాలను, ముఖ్యంగా మిథనాల్‌ను, గుర్తించే పద్ధతులివి. వాల్మీకిపురం (వాయల్పాడు), మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువలో ఉంది. ఈ సరిహద్దుల అవతల జరిగిన విషాదాలే ఈ పరీక్షల విలువను చాటాయి.

కల్తీ

బెల్లం, తుమ్మచెక్క నానబెట్టి పులియబెట్టిన ఊటను బట్టీపై కాచి, ఆవిరిని చల్లారిస్తే సారా దిగుతుంది. కొందరు ఊటలో నవాసారం, యూరియా వేస్తారు. బెల్లపు ఊటలో మిథనాల్ పుట్టేది అతి స్వల్పం. సామూహిక మరణాలకు సాధారణంగా కారణం బయటినుంచి కలిపిన పారిశ్రామిక మిథనాలే. అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది.

చరిత్ర

మద్రాసు ప్రెసిడెన్సీలో 1849లో రసాయన పరీక్షకుడి ప్రయోగశాల ఏర్పడింది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కింద సారా సర్కారుకు ఆదాయ వనరు. ఘాటు తేల్చే సాధనం హైడ్రోమీటరు. అది చూపేది సాంద్రతే. సారాలో మత్తునిచ్చే ఇథనాల్ సాంద్రత 0.789, మిథనాల్‌ది 0.791. అంత దగ్గరగా ఉన్న రెండింటినీ హైడ్రోమీటరు వేరుచేయలేదు.

ఆ లోటును రంగు పరీక్ష తీర్చింది. నమూనాకు పొటాషియం పర్మాంగనేట్ కలిపితే మిథనాల్ ఫార్మాల్డిహైడ్ అవుతుంది. పర్మాంగనేట్ రంగు పోగొట్టి, క్రోమోట్రోపిక్ ఆమ్లం, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడిచేస్తే పరీక్షనాళికలో వంకాయరంగు తేలుతుంది. 1952లో జేమ్స్, మార్టిన్ వెలువరించిన గ్యాస్ క్రొమటోగ్రఫీ ఒక్కో పదార్థాన్నీ విడదీసి, ఎంత ఉందో లెక్కగట్టే వీలు కల్పించింది.

విషాదాలు, నిషేధం

1981లో బెంగళూరులో కల్తీసారాకు 300 మందికి పైగా బలయ్యారు. 2008 మేలో బెంగళూరు, కోలారు, కృష్ణగిరి ప్రాంతాల్లో 150 మందికి పైగా, 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా మరణించారు. ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో రగిలించిన ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అయినా దొంగబట్టీలు ఆరలేదు. వాటి సరుకు అమ్మకానికి ముందు ఏ ప్రయోగశాలకూ వెళ్లదు.

జాగ్రత్త

నిప్పంటిస్తే నీలిమంట వచ్చేది మంచి సారా అన్న నమ్మకం ప్రాణాలు తీస్తుంది. మిథనాల్ కూడా నీలిమంటతోనే మండుతుంది. వాసన, రుచి కూడా దాన్ని పట్టివ్వలేవు. విషలక్షణాలు బయటపడటానికి ఒక్కోసారి పూటో, రోజో పడుతుంది. సారా తాగినవారికి చూపు మసకబారినా, కడుపునొప్పి, వాంతులు మొదలైనా మత్తు దిగుతుందిలే అని పడుకోబెట్టకండి, వెంటనే ఆసుపత్రికి చేర్చండి.