నౌకాయుద్ధ నవలలు – బ్రదికి వచ్చిన నావికుని వ్యథ

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ దినములలోనే బంగాళాఖాతమున ఇరువదికి పైగా వర్తకనౌకలు మునిగిపోయినవి. ఆంధ్ర, ఒరిస్సా తీరములందలి తెలుగువారికి నౌకాయుద్ధ మెట్టిదో ఆనాడు కొంత తెలియవచ్చెను. అయితే ఒడ్డున నున్నవారికి ఆ భయము కొన్ని దినములది. ఓడపై నున్నవారికి ఏండ్ల తరబడి సాగినది. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ భయ మేమైనది? చరిత్ర గ్రంథములు మునిగిన ఓడలను లెక్కించును గాని, బ్రదికి వచ్చినవాని మనఃస్థితిని అంతగా విచారింపవు. ఆ విచారణమును నవలాకారులు, ముఖ్యముగా తామే నౌకలలో పనిచేసినవారు, చేపట్టిరి.

అట్లాంటిక్ మహాసముద్రముపై పోరు 1939 సెప్టెంబరు మొదలు 1945 మే వరకు ఎడతెగక సాగెను. ఆహారమును, నూనెను మోసికొని వర్తకనౌకలు గుంపులుగా బయలుదేరెడివి. కార్వెట్లను చిన్న యుద్ధనౌకలు వానికి కావలిగా నడచెడివి. జర్మను జలాంతర్గాములు తరచుగా రాత్రివేళ టార్పెడోలతో దాడి చేసెడివి. మునిగిన ఓడవారిని రక్షించుటకై ఆగిన నౌక తానే శత్రువునకు గురి కావచ్చును. ఆగనిచో, నీటిలోని తోడివారు కన్నులయెదుటనే మరణింతురు. ఈ ధర్మసంకటమే నౌకాయుద్ధ నవలలకు మూలవస్తు వయ్యెను.

నికొలస్ మాన్సరట్ అట్టి కార్వెట్లలో స్వయముగా పనిచేసినవాడు. 1951లో వెలువడిన ఆయన నవల ‘ది క్రూయెల్ సీ’లో కంపాస్ రోజ్ అను నౌకకు ఎరిక్సన్ అధిపతి. ఓడ మునిగి నీటిలో నున్న నావికుల క్రిందనే జలాంతర్గామి యున్నట్లు శబ్దయంత్రము తెలుపగా, ఆయన వారి నడుమనే బాంబులను విడువ నాజ్ఞాపించెను. ఆ మనుష్యులు చనిపోయిరి. జలాంతర్గామి జాడ మాత్రము కానరాలేదు. పిమ్మట కంపాస్ రోజ్ కూడ మునిగినది. కొలదిమందితో బ్రదికి బయటపడిన ఎరిక్సన్ మరియొక నౌకపై యుద్ధాంతము వరకు పనిచేసెను. అన్ని యేండ్ల కావలిలో ఆయన ముంచిన జలాంతర్గాములు రెండే. కథాంతమున మనకు విజయోత్సాహము గాక, తీరని అలసట కనిపించును.

రష్యాకు సరకులు చేరవేయు ఉత్తరధ్రువ సముద్రమార్గమున పనిచేసిన ఆలిస్టర్ మెక్లీన్ 1955లో ‘హెచ్.ఎం.ఎస్. యులిసెస్’ను ప్రకటించెను. కథారంభమునకే ఆ ఓడలో తిరుగుబాటు జరిగియుండును. అది అవిధేయత కాదనియు, చలిచేతను నిద్రలేమిచేతను మనుష్యుల శక్తి నశించినదనియు ఓడవైద్యుడు పై అధికారితో వాదించును. ఆ వాదము ఫలింపక, ఓడను మరల అదే మార్గమునకు పంపుదురు.

అమెరికా నౌకాదళమున పనిచేసిన హెర్మన్ వోక్ 1951లో వ్రాసిన ‘ది కెయిన్ మ్యూటినీ’ ఈ ప్రశ్నను న్యాయస్థానమునకు తెచ్చినది. తుఫానులో అధిపతి క్వీగ్ మనస్సు చెదరినదని తలచి, క్రింది అధికారి నౌకను తన యధీనము చేసికొనును. న్యాయస్థానము ఆయనను నిర్దోషిగా విడుచును. అయితే ఆయన పక్షమున వాదించిన న్యాయవాదియే, ఇతరులు చదువులలో నుండగా దేశమును కాచినవాడు క్వీగ్ అని పిమ్మట మందలించును. క్వీగ్‌ను మొదట నిందించిన కీఫర్ తాను నౌకాధిపతి యైనప్పుడు, ఆపత్సమయమున ఓడను విడిచి నీటిలోనికి దుముకును. అధికారభారము మోసినవానికే తెలియునని రచయిత భావము.

మన దేశ నావికుల వ్యథ వేరొక రూపము దాల్చెను. యుద్ధకాలమున రాయల్ ఇండియన్ నేవీ పదిరెట్లకు పైగా పెరిగినది. యుద్ధము ముగిసినను చాలని తిండి, తక్కువ జీతము, జాతివివక్షతో కూడిన దూషణలు తొలగలేదు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ నౌకాశిక్షణ కేంద్రమున నావికులు తిరుగబడిరి. నాయకుల సలహాపై 23వ తేదీన లొంగిపోయిరి. ఉద్యోగము పోయినవారిని 1947 తరువాత స్వతంత్ర భారత నౌకాదళము మరల చేర్చుకొనలేదు. ఉత్పల్ దత్ 1965లో కలకత్తాలో ప్రదర్శించిన ‘కల్లోల్’ నాటకమునకు ఈ ఘట్టమే వస్తువు. అందలి ఖైబర్ నౌక లొంగిపోదు. చరిత్రలో లభింపని గౌరవమును నాటకకర్త నావికులకు రంగస్థలముపై కల్పించెను.

ఈ రచనలు సాక్ష్యపత్రములు కావు. కాని పత్రములలో చేరని వేదనను ఇవి నిలిపినవి. తీరప్రాంతములందలి మన కుటుంబములలో ఓడపై పనిచేసి వచ్చి, ఆ మాట యెత్తని పెద్దలు ఉండియుందురు. వారి మౌనమును విముఖతగా తలంపరాదు. వారి జ్ఞాపకములను గాని, వారు లేనిచో ఇంటివారు విన్నంతవరకు గాని, ఇప్పుడే వ్రాసి యుంచుట మన కర్తవ్యము.