బొగ్గు కోసం వచ్చిన బండి

మా నెల్లూరు జిల్లా పడమటి సీమవారు, ఉదయగిరి వారైనా ఆత్మకూరు వారైనా, రైలెక్కాలంటే తరతరాలుగా కావలికో నెల్లూరుకో పోవలసివచ్చేది. 2011-12 రైల్వే బడ్జెట్టులో మంజూరైన నడికుడి – శ్రీకాళహస్తి మార్గం ఆత్మకూరు మీదుగా నిర్ణయమైన నాటినుండి ఇక్కడ ఆశ మొలకెత్తింది. రైలు ఒక ఊరికి ఎందుకు వస్తుంది, వచ్చిన రైలు ఎందుకు నిలవదు అనే ప్రశ్నకు తెలంగాణలోని ఇల్లందు చరిత్ర చక్కని సమాధానం చెబుతుంది.

ఇల్లందు ప్రాంతంలో నేలబొగ్గు ఉన్నదని 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ గుర్తించాడు. భద్రాద్రి యాత్రికులు పొయ్యికి పెట్టుకొన్న నల్లరాళ్ళు అంటుకొని మండాయని జనం చెప్పుకొనే కథ వేరే ఉన్నది. కనబడినంత మాత్రాన తవ్వకం మొదలు కాలేదు. అడవి దారిన ఎడ్లబండ్లమీద తోలి అమ్మితే గిట్టుబాటయ్యే సరుకు కాదది. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కన్ కంపెనీ గనుల హక్కు సంపాదించింది. నిజాం రైలుమార్గం బెజవాడ వైపు సాగే క్రమంలో డోర్నకల్లు నుండి ఇల్లందుకు ఒక శాఖ చీలింది. 1889లో తవ్వకం ఆరంభమైంది. ప్రధాన మార్గం బెజవాడ చేరినదీ ఆ యేడే. బొగ్గు కదలాలంటే రైలు కావాలి, రైలు కదలాలంటే బొగ్గు కావాలి. తర్కంలో అన్యోన్యాశ్రయం దోషమంటారు. ఇక్కడ అదే వ్యాపారానికి పెట్టుబడి అయింది.

పేరు సంగతి మరీ విచిత్రం. తవ్వింది ఇల్లందులో, పేరు దక్కింది పొరుగున ఉన్న సింగరేణి గ్రామానికి. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ ఆ పేరునే ధరించింది. గోదావరి ఆవల మందమర్రిలో తవ్వినా అది సింగరేణి బొగ్గే.

తరువాత కొత్తగూడెంలో గనులు పెరిగాయి. కారేపల్లి నుండి అటు వేసిన దారి ముఖ్యమైంది. కంపెనీ ప్రధాన కార్యాలయమూ అక్కడికే తరలింది. కారేపల్లి – ఇల్లందు ముక్క శాఖకు ఉపశాఖగా మిగిలింది. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ప్రయాణికుల బండీ ఆగిపోయింది. ఆవిరి యంత్రాలు పోయాక రైలుకు బొగ్గును మోసే పని ఉందే గాని, తాను మండించే అవసరం లేదు.

ఆ బండిలో మనుషులు ఎక్కారు, దిగారు, బంధుత్వాలు కలుపుకొన్నారు. అయినా లెక్కల పుస్తకంలో వారు కొసరు, బొగ్గే అసలు. అసలు తరిగిననాడు కొసరును అడిగేవారుండరు. మా మెట్టసీమలో బొగ్గు లేదు. వచ్చే దారి మనుషులను, వారి పంటలను నమ్ముకొనే రావాలి. దాని ఆయుష్షుకు అదే మేలని నాకు తోస్తుంది.