కదలని చుక్కల కోసం

రోహిణి, స్వాతి, లుబ్ధకుడు ప్రాచీన గ్రీకులు రాసిపెట్టిన చోట లేవని 1718లో ఎడ్మండ్ హేలీ కనిపెట్టాడు. అంటే నక్షత్రాలు స్థిరం కాదు. భూమి తిరిగే తీరు తెలియాలంటే కదలని గుర్తులు కావాలి. ఉన్న గుర్తులే కదులుతున్నాయాయె! తర్వాతి రెండున్నర శతాబ్దాలూ ఖగోళ శాస్త్రజ్ఞులు ఒక్కో నక్షత్రం నడకను లెక్కగట్టి, పట్టికలు దిద్దుతూ వచ్చారు. 1988 నాటి ఎఫ్‌కే5 పట్టికకు 1,535 నక్షత్రాలు ఆధారం.

దారి వేరేచోట దొరికింది. 1963లో మార్టెన్ ష్మిట్ 3సి 273 అనే చుక్క మన పాలపుంతకు ఆవల, వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉందని తేల్చాడు. క్వేజార్లన్న పేరు స్థిరపడింది ఇలాంటివాటికే. అంత దూరాన అవి ఎంత వేగంగా కదిలినా ఇక్కడికి కదిలినట్టు కనిపించదు.

నాలుగేళ్లకు, 1967లో, కెనడాలో అల్గాంక్విన్, పెంటిక్టన్ రేడియో టెలిస్కోపులు ఒకే క్వేజారు వైపు తిరిగాయి. మధ్య దూరం 3,074 కిలోమీటర్లు, కలుపుతూ తీగ లేదు. అణు గడియారాల సమయంతో పాటు సంకేతాలను ఎవరి టేపు మీద వారు రికార్డు చేసుకుని, తర్వాత రెంటినీ కంప్యూటర్లో సరిపోల్చారు. సంకేతం ఒకచోటికి ముందు, మరోచోటికి వెనక చేరుతుంది. ఆ తేడా తెలిస్తే రెండు టెలిస్కోపుల మధ్య దూరమూ, క్వేజారు దిశా రెండూ తేలతాయి. వెలుతురు 1 సెంటీమీటరు నడవడానికి పట్టేది సెకనులో లక్ష కోట్లవ వంతులు 33 మాత్రమే. పద్ధతి ముదిరేకొద్దీ ఆ సూక్ష్మం కూడా చేతికందింది.

దీని అసలు ఘనత నాకు వెగెనర్ కథలో కనిపిస్తుంది. ఖండాలు జరుగుతున్నాయని ఆయన 1912లో చెప్పాడు. రుజువు కోసం గ్రీన్‌లాండ్ రేఖాంశాల కొలతలు చూపాడు; వాటి ప్రకారం ఆ దీవి ఏటా మీటర్ల కొద్దీ జరగాలి. కొలతలే తప్పు. ఆయన 1930లో ఆ గ్రీన్‌లాండ్ మంచులోనే కన్నుమూశాడు. 1980లలో అమెరికాలోని వెస్ట్‌ఫర్డ్, స్వీడన్‌లోని ఆన్సాలా టెలిస్కోపులు క్వేజార్లను చూస్తూ ఆ మాటను నిజం చేశాయి: వాటి మధ్య దూరం ఏటా దాదాపు 1.7 సెంటీమీటర్లు పెరుగుతోంది.

1998 జనవరి 1 నుంచి ఆకాశానికి అధికారిక చట్రం నక్షత్రాలది కాదు, 212 సుదూర రేడియో మూలాలది. 2019లో వచ్చిన మూడో కూర్పులో 4,536 మూలాలున్నాయి, ప్రధానమైనవి 303. హవాయి నుంచి కరీబియన్ దాకా పరచిన పది టెలిస్కోపుల అమెరికా వ్యవస్థ లేకపోతే ఈ జాబితా ఇంత పెరిగేది కాదు. సూర్యుడు పాలపుంత కేంద్రం చుట్టూ తిరగడం వల్ల క్వేజార్ల స్థానాల్లో కనిపించే అతి స్వల్ప మార్పును కూడా ఈ కూర్పు లెక్కలోకి తీసుకుంది.

జీపీఎస్ ఉపగ్రహాలకు భూమి ఎంత తిరిగిందో తమంతట తాముగా తెలియదు. ఆ లెక్క క్వేజార్ల నుంచే రావాలి. టెలిస్కోపులు నిలిచిన నేల కూడా స్థిరం కాదు: 2010 చిలీ భూకంపంలో అక్కడి కన్సెప్సియన్ టెలిస్కోపు దాదాపు 3 మీటర్లు పడమరకు జరిగింది. ఇప్పుడు చకచకా తిరిగే చిన్న డిష్‌లతో 1 మిల్లీమీటరు కచ్చితత్వం సాధించే పని సాగుతోంది. ఈ కొలతల ఆధారంగా లెక్కగట్టే సముద్ర మట్టం ఏటా పెరిగేది మూడు, నాలుగు మిల్లీమీటర్లే కాబట్టి అంతకన్నా ముతక కొలబద్ద పనికిరాదు.