పలాస స్టేషనూ, జీడిపిక్కల కార్ఖానా

టెక్కలిలో పాఠం చెప్పే రోజుల్లో, చదువయ్యాక యేం చేస్తారని నా విద్యార్థుల నడిగేవాణ్ణి. ఉద్దానం పిల్లలు దాదాపు ఒకే జవాబు చెప్పేవారు: "సర్కారు ఉద్యోగం, మాస్టారూ! జీతం తక్కువైనా యెవరూ తీసెయ్యలేరు." యీ జవాబులో వివేకం వుంది, చరిత్ర లేదు.

పలాస స్టేషను సంగతే తీసుకోండి. 1902 నుండి యీ రైలుదారిని నడిపింది బెంగాల్ నాగపూర్ రైల్వే అనే కంపెనీ. నేడు స్థిరమైన కొలువుకు నిదర్శనంగా చెప్పే రైలు ఉద్యోగం ఆనాడు కంపెనీ దయ. 1927-28 సంవత్సరాలలో కంపెనీ పనివారిని తొలగించబూనినప్పుడు సమ్మెలు జరిగాయి. ఆ కార్మికోద్యమానికి నాయకత్వం వహించినవారిలో బరంపురంలో పుట్టిన వి.వి. గిరి ఒకరు. 1944లో కంపెనీని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. విచారణ లేకుండా ఉద్యోగిని తొలగించరాదనే రక్షణ 1950లో రాజ్యాంగంలోని 311వ అధికరణంగా నిలిచింది.

అయితే యజమాని ప్రభుత్వమైనంత మాత్రాన న్యాయం దానంతటదే రాదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతనాల తీర్పును ప్రభుత్వమే సవరించింది. కార్మికమంత్రిగా వున్న గిరి రాజీనామా చేశారు. 1974 మే నెల రైల్వే సమ్మెలో, విచారణ అక్కరలేదనే మినహాయింపును వాడుకొని వేలాదిమందిని తొలగించారు. వారిని తిరిగి తీసుకున్నది 1977లో ప్రభుత్వం మారిన తర్వాత.

స్టేషను దాటి కాశీబుగ్గ వైపు నడవండి. జీడిపప్పు కార్ఖానాలలో పిక్కలు పగలగొట్టి, పొట్టు తీసి, గుండూ బద్దా వేరుచేసేవారు అధికంగా స్త్రీలు. పెంకులోని జీడి వేళ్లను కాలుస్తుంది. ఒలిచిన పప్పు తూకాన్నిబట్టి కూలి. పిక్క రాని రోజున కూలి లేదు. కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. చట్టం కాగితంమీద వుంటుంది, తూకపురాయి యజమాని చేతిలో వుంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలోని జీడి, కొబ్బరి తోటలను కూల్చింది. ప్రభుత్వోద్యోగికి ఒకటో తేదీన జీతం ఆగలేదు. తోటకూలికి మాత్రం చెట్టుతోపాటు పనీ కూలింది.

కనుక నేనంటున్నది యిది: ఉద్యోగభద్రత సర్కారు ముద్రలో లేదు. సంఘటితులైనవారు పోరాడి సంపాదించిన హక్కు అది; సంఘం సడలిన చోట అదీ సడలుతుంది. 2004లో కేంద్రంలోనూ, మన రాష్ట్రంలోనూ కొత్తగా చేరేవారికి పాత పెన్షను పోయింది. సర్కారు కార్యాలయాలలోనే కాంట్రాక్టు ఉద్యోగులు పెరిగారు. ఒకే బల్లకు అటూ యిటూ కూర్చొని ఒకే పని చేసే యిద్దరికి రెండు జీతాలు!

నా విద్యార్థులు పోటీపరీక్షలు వ్రాయవద్దని నేననను. వారి ఫీజులు కట్టింది పిక్కలు ఒలిచిన తల్లులే. కొడుక్కి దొరికే భద్రత తల్లికి యెందుకు దొరకలేదన్న ప్రశ్న పరీక్షపత్రంలో రాదు. దాన్ని తరగతిలో అడగవలసింది మనం.