కుక్కల బండి ఎక్కడ ఆగింది?

ఈ ఎపిసోడ్ వెనకాల ఒక కుక్కపిల్ల ఉంది. కాబట్టి దాంతోనే మొదలుపెడతా.

మొన్న వానాకాలంలో ఒక రాత్రి పదిన్నరకి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగాను. టీ బండి కింద తడిసిన గోనెసంచి మీద ఒక పిల్ల వణుకుతూ కూర్చుంది. గోధుమరంగు ఒళ్లు, ముందు కాళ్లకి తెల్ల సాక్సులు తొడిగినట్టు ఉంది. టీ అబ్బాయి, "రెండ్రోజుల్నించీ ఇక్కడే ఉందన్నా. మిగతా మూడూ బళ్ల కింద పడిపోయాయి" అన్నాడు. నేనేమీ పెద్ద జంతుప్రేమికుణ్ణి కాదు. బీటెక్ చేసి, కొన్నాళ్లు కోడ్ రాసి, ఇప్పుడు వీడియోలు చేసుకుంటున్నవాణ్ణి. కానీ ఆ మాట విన్నాక ఒక్కణ్ణే ఇంటికి వెళ్లలేకపోయాను.

పొద్దున్నే ఒక షెల్టర్‌కి ఫోన్ చేశా. ఫోన్ ఎత్తిన మేడమ్ ఓపిగ్గానే మాట్లాడారు. "ఖాళీ లేదు బాబూ. పైగా ఇక్కడ జబ్బు కుక్కలుంటాయి. టీకా పడని పిల్లకి పార్వో అంటుకుంటే కష్టం. మీరు ఎన్నాళ్లు ఉంచుకోగలరు?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. షెల్టర్ అని పేరు పెట్టుకుని నన్ను అడుగుతారేంటి అనుకున్నా. అది ఎంత సరైన ప్రశ్నో తెలియడానికి నాకు నెల పట్టింది.

ఈలోగా మా మామ్మ ఆ పిల్లని తిప్పి చూసింది. మామ్మది పొందూరు వైపు. "ఏట్రా ఇది, ఆడదా? ఆడకుక్కనెవుడు పెంచుకుంటాడు నానా?" అంది. తర్వాత, "మా చిన్నప్పుడు పట్నంలో కుక్కల బండి వచ్చీది. వలేసి పట్టీసీవోరు. ఆ బండెక్కిన కుక్క మరి తిరిగొచ్చీది కాదు" అంది.

ఆ బండి ఎక్కణ్ణించి వచ్చింది? ఎవరు ఆపారు? నాకు పట్టుకుంది ఇదే.

శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది, విజయనగరం జిల్లా 1979లో. అంతకుముందు చాలాకాలం మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్లం. కాబట్టి కథ మద్రాసులో మొదలవుతుంది. అక్కడి కార్పొరేషన్ వీధి కుక్కల్ని పట్టి చంపే పని 1860లో మొదలుపెట్టింది. బొంబాయిలో అయితే ఇంకా ముందే ఉంది. 1832లో అక్కడ పోలీసులు కుక్కల్ని చంపుతుంటే, కుక్కని పవిత్రంగా చూసే పార్సీలు తిరగబడ్డారు. దుకాణాలు మూతపడి, చివరికి సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. బ్రిటిష్ బొంబాయిలో మొదటి పెద్ద అల్లర్లలో ఒకటి కుక్కల కోసం జరిగిందని మన స్కూలు పుస్తకంలో ఎవరూ చెప్పలేదు!

సరే, మద్రాసుకి వద్దాం. 1959లో కెప్టెన్ వి. సుందరం అనే పైలట్, వానల్లో నీళ్లలో కొట్టుమిట్టాడుతున్న రెండు కుక్కపిల్లల్ని ఇంటికి తెచ్చుకున్నారు. ఆ ఇంట్లోనే బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా పుట్టింది. ఆయన కొడుకు చిన్నీ కృష్ణ ఇంజనీరు. నాకు ఈ కథలో బాగా నచ్చిన మనిషి ఈయనే. ఎందుకంటే ఆయన కార్పొరేషన్‌ని "పాపం కదండీ" అని అడగలేదు. లెక్క అడిగారు. వందేళ్లుగా చంపుతున్నారు కదా, కుక్కలు తగ్గాయా? తగ్గలేదు. ఏటా చంపేవాటి సంఖ్య పెరుగుతూనే పోయింది. ఆయన చెప్పిన దాని ప్రకారం, 1970ల మొదట్లో చచ్చిన కుక్కలు ఎన్ని పోగయ్యేవంటే, ఆ తోళ్లతో పర్సులూ నెక్‌టైలూ చెయ్యడానికి తోళ్ల పరిశోధన సంస్థ డిజైన్లు గీసింది. 1995 నాటికి రోజుకి 135 కుక్కల దాకా చంపేవారు, అదీ కరెంటు షాకుతో.

ఎందుకు తగ్గలేదు? ఆడకుక్కకి గర్భం దాదాపు 63 రోజులు. పుట్టిన పిల్ల ఏడాది తిరక్కుండానే ఈనడానికి సిద్ధమైపోతుంది. వీధిలో ఎన్ని కుక్కలు బతకాలో నిర్ణయించేది ఆ వీధి చెత్తకుండీ, చికెన్ షాపు వెనక పారేసే పేగులు. తిండి అక్కడే ఉన్నప్పుడు నువ్వు పది కుక్కల్ని తీసేస్తే, మిగిలిన వాటి పిల్లలు ఎక్కువ బతుకుతాయి, పక్క వీధివి వచ్చి చేరతాయి. మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి తెలిసిన బాధే ఇది. బగ్ అలాగే ఉంచి రోజూ సర్వర్ రీస్టార్ట్ చెయ్యడం. 136 ఏళ్లు రీస్టార్ట్ చేశారు.

బ్లూ క్రాస్ 1964లోనే ఒక దారి చెప్పింది. కుక్కని పట్టు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యి, రేబిస్ టీకా వెయ్యి, పట్టిన చోటే వదిలెయ్యి. దానికి యానిమల్ బర్త్ కంట్రోల్, ఏబీసీ అని పేరు పెట్టారు. అక్షరాలు దిద్దినంత తేలిక అని చెప్పడానికట. తేలికే, కానీ కార్పొరేషన్ ఒప్పుకోడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1996లో చెన్నై నగరమంతా చంపడం ఆపి ఏబీసీకి మారింది. బ్లూ క్రాస్ వాళ్ల లెక్క ప్రకారం, ఆ ఏడాది నగరంలో రేబిస్‌తో చనిపోయినవాళ్లు 120 మంది. 2003కి ఆ సంఖ్య 5.

మా మామ్మకి ఇది చెప్తే, "కుక్కలక్కూడా కుటుంబ నియంత్రణేనేట్రా!" అని పగలబడి నవ్వింది.

ఢిల్లీలో మరో కథ నడిచింది. 1952లో రాజ్యసభకి నామినేట్ అయిన నర్తకి రుక్మిణీదేవి అరండేల్, జంతు హింసకి వ్యతిరేకంగా ప్రైవేటు బిల్లు తెచ్చారు. నెహ్రూ ప్రభుత్వం మేమే చట్టం చేస్తామని చెప్పి, 1960లో చేసింది. కానీ ఆ చట్టంలోనే, 11వ సెక్షన్‌లో, వీధి కుక్కల్ని ప్రాణాంతక గదుల్లో చంపడం క్రూరత్వం కిందికి రాదని ఒక మినహాయింపు పెట్టారు. అంటే కుక్కని కొడితే నేరం, మున్సిపాలిటీ బండెక్కిస్తే కాదు. ఆ తలుపు చాలావరకు మూసింది 2001 డిసెంబర్‌లో వచ్చిన ఏబీసీ నిబంధనలు. ఆపరేషన్ చేసి ఎక్కడి కుక్కని అక్కడే వదలాలి. నయంకాని జబ్బో, బతకలేని గాయమో ఉంటేనే నొప్పి లేకుండా చంపొచ్చు. 2023లో ఈ నిబంధనల్ని కొత్తగా రాసి, బాధ్యత మున్సిపాలిటీలూ పంచాయతీల లాంటి స్థానిక సంస్థలదేనని చెప్పారు.

అమెరికా గురించి రెండు ముక్కలు. 'నో కిల్' అనే మాట అక్కణ్ణించే వచ్చింది కాబట్టి. 1870లలో న్యూయార్క్‌లో వీధి కుక్కల్ని ఇనప బోనులో పెట్టి నదిలో ముంచేవారు. 1894లో ఆ పని ఒక జంతు సంరక్షణ సంఘం చేతికి వెళ్లింది. పద్ధతి మారింది కానీ చంపడం ఆగలేదు. సరిగ్గా వందేళ్లు అదే సంఘం ఆ పని చేసింది. 1994లో శాన్ ఫ్రాన్సిస్కో, ఆరోగ్యంగా ఉండి పెంపకానికి పనికొచ్చే ఏ కుక్కనీ పిల్లినీ చంపం అని ఒప్పందం రాసుకుంది. ఇప్పుడు అక్కడ వచ్చిన జంతువుల్లో నూటికి 90 బతికి బయటికెళ్తే ఆ షెల్టర్‌ని నో కిల్ అంటారు. ఇక్కడ తమాషా చూడండి. వాళ్లకి అది షెల్టర్ ఎంచుకునే విధానం. మనకి జాగా చాలలేదని కుక్కని చంపడం నిబంధనలే ఒప్పుకోవు. చట్టం రీత్యా మన షెల్టర్లన్నీ నో కిల్లే! డబ్బూ డాక్టర్లూ మాత్రం చట్టంలోంచి రారు కదా.

ఇప్పుడు మన దగ్గరికి. హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో బ్లూ క్రాస్ మొదలుపెట్టిన సంగతి చాలామందికి తెలుసు. విశాఖ కథ అంతగా తెలీదు. 1996లో ప్రదీప్ కుమార్ నాథ్ అక్కడ విశాఖ జంతు సంరక్షణ సంఘం పెట్టారు. అందరూ వీఎస్పీసీఏ అంటారు. నగరంలో కుక్కల్ని చంపడం ఆపించి ఏబీసీ తేవడం వాళ్ల మొదటి పెద్ద పోరాటాల్లో ఒకటి. గాజువాక వైపు కాపుల తుంగ్లాంలో వాళ్ల షెల్టర్ ఉంది. సముద్రతీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్ల దగ్గర్నుంచి ఆవుల దాకా అన్నీ నెత్తినేసుకున్నారు.

అందులో మన జిల్లాల వాళ్లకి సూటిగా తగిలేది సింహాచలం దూడల విషయం. అప్పన్నకి దూడని మొక్కుకోవడం మనకి తరాల అలవాటు. మా ఇంట్లోనూ ఉంది. నాగలీ బండీ ఉన్నరోజుల్లో కోడెదూడకి విలువుండేది, గుడికిచ్చినా ఎవరో రైతుకి పనికొచ్చేది. ట్రాక్టర్ వచ్చాక మగదూడ ఇంటికి బరువైంది. మొక్కులో భక్తి ఎంతో, వదిలించుకోవడం ఎంతో, ఆ అప్పన్నకే తెలియాలి. పాలు మరవని దూడల్ని తెచ్చి కొండ దగ్గర వదిలితే ఏ గోశాల తట్టుకుంటుంది? ఈ దూడల కోసం వీఎస్పీసీఏ ఏళ్ల తరబడి కొట్లాడింది. తర్వాత దేవస్థానం వాటిని రైతులకి ఇవ్వడం మొదలుపెట్టింది.

దూడల సంగతి చదువుతుంటే ఫోన్లో మేడమ్ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. తలుపు తీసి వచ్చినవన్నీ తీసుకుంటే, నెల తిరక్కుండా ఆ షెల్టరే జబ్బుల గది అవుతుంది. చంపకుండా నడవాలంటే లోపలికొచ్చే దారి సన్నంగా, బయటికెళ్లే దారి వెడల్పుగా ఉండాలి. బయటికి వెళ్లే దారులు రెండే. వీధి కుక్కకి దాని వీధి, వీధిలో బతకలేనిదానికి ఒక ఇల్లు. ఆ మధ్యలో నాలుగు వారాలు ఉంచుకునేవాడే ఫోస్టర్. అంటే నేను.

నాలుగు వారాలూ నేర్చుకున్నది చెప్తా. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్‌లకి మొదటి టీకా. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఇన్‌స్టాలో ఫోటో పెడితే 212 లైకులు వచ్చాయి, ఫోన్ చేసింది ఆరుగురు. నలుగురు "మగదైతే చెప్పండి" అన్నారు. మామ్మ గెలిచింది. ఐదోవాడు కొబ్బరితోటకి కాపలా కావాలన్నాడు, రాత్రీ పగలూ గొలుసుతోనే ఉంచుతానన్నాడు. కుదరదన్నాను. ఆరో ఫోన్ శ్రీకాకుళం నుంచి, ఒక రిటైర్డ్ టీచరమ్మ. నేను వెళ్లి ఇల్లు చూశా. గేటుందా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఆరో నెలకి ఆపరేషన్ చేయిస్తారా అని అడిగా. ఆవిడ నవ్వి, "పెళ్లిచూపులకి కూడా ఇన్ని అడగలేదు బాబూ" అన్నారు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధి కుక్కలు చంపేశాయి. ఆ సీసీటీవీ వీడియో చూసినవాళ్లకి నేను చెన్నై లెక్కలు చెప్పి ఓదార్చలేను. ఏడాది తిరిగాక, 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ముసుగులేసుకొచ్చినవాళ్లు రాత్రిపూట 20 కుక్కల్ని కాల్చి చంపారు. భయం నిజమే. కానీ తుపాకీ చేసే పని 1860లోని బండి చేసిన పనే. చెత్త తియ్యకుండా, ఆపరేషన్లు చెయ్యకుండా కూర్చున్నవాళ్లని ఎవరూ అడగరు, కుక్కనో, దానికి అన్నం పెట్టే ముసలమ్మనో తిడతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

కుక్క కరిస్తే మాత్రం ఈ చర్చలన్నీ పక్కన పెట్టండి. కారుతున్న నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికెళ్లి టీకా వేయించుకోండి. పసరు మందులూ కారం పూతలూ వద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

కథ ఇప్పుడు మళ్లీ షెల్టర్ దగ్గరికే వచ్చింది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. ఆగస్టు 22న దాన్ని మార్చి, ఆపరేషనూ టీకా అయ్యాక పట్టిన చోటే వదలమంది, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప. నవంబర్ 7న ఇంకో ఆదేశం వచ్చింది. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గర కుక్కల్ని పట్టి షెల్టర్లకి పంపాలి, తిరిగి అక్కడ వదలకూడదు. ఇది దేశమంతటికీ. అంటే నా టీ బండి ఉన్న ఆర్టీసీ కాంప్లెక్స్ కూడా అందులోకి వస్తుంది. ఆ కుక్కలు వెళ్లే షెల్టర్‌లో ఎన్ని గదులు, ఎంతమంది డాక్టర్లు, నెలకి తిండి ఖర్చు ఎవరి బడ్జెట్‌లోంచి? మీ వార్డు కౌన్సిలర్‌ని ఒకసారి అడిగి, ఏం చెప్పారో నాకు మెసేజ్ పెట్టండి. వచ్చిన జవాబులు తర్వాతి ఎపిసోడ్‌లో చదువుతా.

మన పిల్లకి ఆరో నెలలో ఆపరేషన్ అయింది. నేను పెట్టిన పేరు 'టీ'. టీచరమ్మకి అది నచ్చలేదు, సీతాలు అని మార్చేశారు. కిందటి ఆదివారం మామ్మని తీసుకుని చూడ్డానికి వెళ్లాం. అది నన్ను గుర్తుపట్టలేదు. మామ్మ ఒళ్లోకి మాత్రం ఎక్కి పడుకుంది.